ఏనుగు పిల్ల – నలుగురు ప్రేక్షకులు

ఒకే చిత్రాన్ని చూసి నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడినప్పుడు మన విమర్శకులు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ఎవరి రుచి వారిదని చేతులు దులుపుకోవటం ఒక దారి. ఆ నలుగురిలో మనకు నచ్చిన మాట అన్నవాణ్ణి చైతన్యవంతుడని మెచ్చుకుని, తక్కిన ముగ్గుర్నీ వెనకబడ్డవాళ్ల పద్దులో రాసెయ్యటం రెండో దారి. మొదటి దారిలో విమర్శకుడు శ్రమ తప్పించుకుంటాడు. రెండో దారిలో ప్రేక్షకుణ్ణి తప్పించుకుంటాడు. ఈ రెండో తప్పు నేను స్వయంగా చేశాను. అది ఎట్లా జరిగిందో, దాన్ని నా చేత ఎవరు దిద్దించారో చెప్పటానికే ఈ వ్యాసం.

చిత్రం పేరు ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. కార్తికి గోన్సాల్వెస్ దర్శకత్వంలో గునీత్ మోంగా నిర్మించిన డాక్యుమెంటరీ. నిడివి దాదాపు 40 నిమిషాలు. 2022 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలయింది. 2023 మార్చి 12 రాత్రి అమెరికాలో ఆస్కారు బహుమతి అందుకుంది. అదే రాత్రి అదే వేదిక మీద మన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటకు కూడా బహుమతి వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కారు. మర్నాడు తెలుగు పత్రికల మొదటి పేజీలన్నీ ఆ పాటతోనే నిండాయి. నీలగిరి అడవుల్లో ఏనుగు పిల్లల్ని పెంచిన బొమ్మన్, బెల్లి అనే ఆదివాసీ దంపతుల కథకు లోపలి పేజీలో కాస్త చోటు దొరికింది. మనవాళ్ల బహుమతి మనకు ముద్దు. అందులో తప్పు పట్టవలసింది లేదు. అయితే ఆ రాత్రి బహుమతి పొందిన రెండు చిత్రాల్లోనూ ఆదివాసీ ఉన్నాడు, అడవి జంతువు ఉంది. ఈ సంగతి అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. దాని గురించి తరవాత చెబుతాను.

ముందు ఇతివృత్తం. తమిళనాడులో ముదుమలై అడవి. అందులో తెప్పక్కాడు ఏనుగుల శిబిరం. బొమ్మన్, బెల్లి కాట్టునాయకన్ తెగకు చెందినవాళ్లు. కరెంటు తగిలి తల్లి చచ్చిపోయిన రఘు అనే గున్న ఏనుగును అటవీ శాఖ వీళ్ల చేతిలో పెడుతుంది. గాయాలతో, బతుకుతుందో లేదో తెలియని స్థితిలో వచ్చిన పిల్ల అది. దానికి పాలు పట్టి, ముద్దలు చేసి పెట్టి, ఏట్లో స్నానం చేయించి, రాత్రిళ్లు పక్కనే పడుకుని పెంచుతారు. కొన్నాళ్లకు అమ్ము అనే ఆడపిల్ల కూడా వస్తుంది. బెల్లి మొదటి భర్తను పులి చంపింది. కూతురు కూడా చనిపోయింది. ఈ ఏనుగు పిల్లల పెంపకంలోనే బొమ్మన్, బెల్లి ఒకరికొకరు దగ్గరై పెళ్లి చేసుకుంటారు. చివరకు రఘు పెద్దవాడయ్యాక పైవాళ్ల నిర్ణయం మీద అతన్ని వేరే మావటికి అప్పగించవలసి వస్తుంది. కథ ఇంతే.

2023 ఏప్రిల్‌లో మా చుట్టుపక్కల సాహిత్య మిత్రులు పెట్టుకున్న చిన్న సమావేశంలో ఈ చిత్రం గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడాను. పట్టణ మధ్యతరగతి తన అపరాధ భావాన్ని కడుక్కోవటానికి తీసుకున్న పన్నీటి స్నానమని అన్నాను. ఆదివాసీని జీవనపోరాటంలోంచి ఊడదీసి అందమైన పచ్చని గోడకు తగిలించిన పటమని అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంటికి వచ్చి అన్నం తింటుంటే ఒక అనుమానం కలిగింది. ఈ మాటలు ఈ చిత్రం చూడకుండా కూడా అనగలిగేవాణ్ణి గదా! ఏ చిత్రానికైనా సరిపోయే మాటలు ఈ చిత్రానికి ఎట్లా సరిపోతాయి? అప్పటినుంచి రెండేళ్లుగా వీలు దొరికినప్పుడల్లా ఈ చిత్రాన్ని వేరువేరు మనుషులకు చూపిస్తూ, వాళ్లేమంటారో వింటూ వచ్చాను. అందులో నాలుగు స్పందనలు ఇక్కడ పెడుతున్నాను.

మొదటివాళ్లు మా బడి పిల్లలు. పాతబస్తీలో నేను పాఠం చెప్పే బడి తెలుగు మాధ్యమం బడి. పిల్లల తండ్రులు ఆటోలు తోలేవాళ్లు, మేస్త్రీలు, చిల్లర దుకాణాల్లో గుమాస్తాలు. తల్లుల్లో చాలామంది ఇంటిపట్టున కూర్చుని లాడ్‌బజారు దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్లు అతికించేవాళ్లు. ఏనుగంటే ఈ పిల్లలకు పుస్తకంలో బొమ్మ కాదు. మొహర్రం పదో రోజున దబీర్‌పురా బీబీ కా అలావా నుంచి అలం ఏనుగు మీద బయలుదేరుతుంది. ఆషాఢ బోనాల ముగింపు రోజున హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం కూడా ఏనుగు మీదనే ఊరేగుతుంది. ఒకే వీధి, రెండు మతాలు, ఒకటే ఏనుగు. ఒకప్పుడు జూ పార్కు ఏనుగే ఈ రెండింటికీ వచ్చేది. నిబంధనలు బిగిశాక పొరుగు రాష్ట్రం నుంచి తెప్పించిన ఏళ్లున్నాయి. కాబట్టి మా పిల్లలకు ఏనుగు అంటే పండగ, గుంపు, పోలీసులు, తండ్రి భుజం మీద కూర్చుని చూసిన దృశ్యం.

తెర మీద రఘు నీళ్లలో దొర్లుతుంటే పిల్లలు విరగబడి నవ్వారు. ముద్ద వద్దని మారాం చేస్తుంటే మా తమ్ముడు కూడా ఇంతే అన్నారు. రఘును వేరేవాళ్లకు అప్పగించినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. చిత్రం అయ్యాక, ఎవరికైనా ఏమన్నా అడగాలని ఉందా అన్నాను. ఏడో తరగతి పిల్ల ఒకతె లేచింది. వాళ్లమ్మ గాజుల పని చేస్తుంది.

“సార్, ఏనుగుకు అన్నం కలిపి పెట్టినందుకు ఆమెకు జీతం ఇస్తారా?”

నా దగ్గర జవాబు లేదు. చిత్రంలోనూ లేదు. కనుక్కుని చెబుతానమ్మా అన్నాను.

రెండో స్పందన మా ఉపాధ్యాయుల గదిలోది. మా తెలుగు టీచరమ్మ ఒకరు చిత్రం చూస్తూ కళ్లు తుడుచుకున్నారు. కడుపుకోత తెలిసిన తల్లికి దేవుడు ఏనుగు రూపంలో బిడ్డనిచ్చాడండీ అన్నారు. ఆమె వెక్కిరించదగిన మనిషి కాదు. ముప్ఫై ఏళ్లుగా పోతన గజేంద్ర మోక్షం చెబుతున్న మనిషి. మొసలి నోట చిక్కిన ఏనుగు మొర విని కదిలిపోవటం తెలుగు పాఠకుడికి అయిదు వందల ఏళ్ల అలవాటు. ఆ సంస్కారమే ఆమె చేత కన్నీళ్లు పెట్టించింది. కాని ఆ కథలో ఏనుగును కాపాడటానికి దేవుడు వైకుంఠం నుంచి దిగి వస్తాడు. ఇక్కడ కాపాడినవాళ్లు రోజూ తెల్లవారకముందే లేచి, పేడ ఎత్తి, పాలు కాచిన ఇద్దరు మనుషులు. ఆమె కన్నీళ్లలో ఆ ఇద్దరూ మళ్లీ దేవుడి రూపంలోకి మారిపోయారు. భక్తి తెలిసిన ప్రేక్షకుడికి శ్రమ కనిపించదని నేను అనను. కనిపించిన శ్రమను వెంటనే మహిమగా మార్చుకునే తొందర మాత్రం అందులో ఉంది.

ఆ గదిలోనే మూడో స్పందన వచ్చింది. మా సైన్సు మాస్టారిది ఆసిఫాబాద్ వైపు పల్లె. ఆయన చిత్రం సాంతం మౌనంగా చూసి, మీకందరికీ ఏడుపు వచ్చింది, నాకు కోపం వచ్చింది అన్నారు. 2024 ఏప్రిల్ మొదటి వారంలో మహారాష్ట్ర అడవుల నుంచి ఒక అడవి ఏనుగు ప్రాణహిత దాటి వచ్చి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతుల్ని చంపింది. ఆ ఏడే నవంబరు నెలాఖరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపింది. “ఈ చిత్రంలో బెల్లి మొగుణ్ణి పులి తిన్నదన్న మాట ఎంతసేపు ఉందో చూశారా? ఒక్క ఊపిరిలో దాటేశారు. మా దగ్గర ఆ ఒక్క ఊపిరే ఊరంతటికీ ఏడాది పొడుగునా కథ. పత్తి చేలోకి పోవాలంటే ఆడవాళ్లు వణికిపోతున్నారు. ఏనుగు పిల్లకు అమ్మానాన్నా దొరికారు, సంతోషమే. మా రైతు పిల్లలకెవరున్నారు?” అన్నారు.

ఆయన కోపం నిజమైనది. ఇది ఆసిఫాబాద్ ఒక్కదాని గొడవ కూడా కాదు. చిత్తూరు జిల్లాలో కుప్పం, పలమనేరు ప్రాంతాల రైతులు 1980ల నుంచి ఏనుగుల గుంపులతో సతమతమవుతున్నారు. అక్కడ కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది కూడా ఆ ఏనుగుల రాక తరవాతనే. పార్వతీపురం మన్యంలో ఒడిశా నుంచి వచ్చిన గుంపులతో అదే బాధ. పంట కాపాడుకోవటానికి కట్టిన కరెంటు తీగ ఏనుగును చంపుతుంది. ఆకలి మీద వచ్చిన ఏనుగు రైతును చంపుతుంది. రఘు తల్లిని చంపింది కూడా కరెంటే. అంటే ఈ చిత్రం మొదలయ్యే చోటా, మా సైన్సు మాస్టారి కోపం మొదలయ్యే చోటా ఒకటే: తరిగిపోయిన అడవికీ, ముందుకు జరిగిన పొలానికీ మధ్యనున్న గట్టు. చిత్రం ఆ గట్టు మీద నుంచి అడవి వైపు తిరిగి చూసింది. ఆయన పొలం వైపు తిరిగి చూస్తున్నాడు. గట్టు ఎవరి వల్ల జరిగిందన్న ప్రశ్న అటు చిత్రమూ వెయ్యలేదు, ఇటు కోపంలో ఆయనా వెయ్యలేదు.

నాలుగో ప్రేక్షకుడు మా వీధి చివర ఉండే ఒక పెద్దమనిషి. బహదూర్‌పురాలో మీరాలం చెరువు పక్కన 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కులో జంతువుల పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. వాళ్ల మనవడు మా బడిలోనే చదివాడు. ఒక సాయంత్రం ఆయనకు నా సెల్‌ఫోనులోనే ఈ చిత్రం చూపించాను. ఆయన మనుషుల ముఖాలు చూడలేదు. చేతులు చూశాడు. పాల సీసా ఏ కోణంలో పట్టారు, ముద్ద ఎంత పరిమాణంలో చేశారు, స్నానంలో చెవి వెనక రుద్దుతున్నారా లేదా అని చూశాడు. “పనివాళ్లు” అన్నాడు మెచ్చుకుంటూ. కొంచెం ఆగి ఇంకో మాట అన్నాడు.

“మాస్టర్ సాబ్, అందరూ ఇది మొహబ్బత్ అంటారు. మొదట ఇది డ్యూటీ. డ్యూటీ చేయంగ చేయంగ మొహబ్బత్ వస్తది. ఆ మొహబ్బత్‌ను మాత్రం డ్యూటీ పుస్తకంలో ఎవరూ రాయరు. పిల్ల జంతువుకు జ్వరం వస్తే రాత్రంతా కూచుంటం. తెల్లారి ఆర్డరు వస్తది, దాన్ని ఇంకో ఊరి జూకు పంపుతున్నమని. లారీ ఎక్కించేది కూడా మనమే. దిగనంటే బుజ్జగించేది కూడా మనమే.”

రఘును అప్పగించే దృశ్యం దగ్గర ఆయన చిత్రాన్ని ఆపమన్నాడు. ఆ తరవాత చూడలేదు.

ఈ ఒక్క మాటతో నా ఉపన్యాసం కూలిపోయింది. పట్టణ మధ్యతరగతి పన్నీటి స్నానమని నేను అన్న చోట ఒక శ్రామికుడు తన ఉద్యోగ చరిత్రను గుర్తుపట్టాడు. చిత్రం ప్రేమ గురించి చెబుతున్నదని నేనూ అనుకున్నాను, టీచరమ్మా అనుకున్నారు. ఆమె దాన్ని మెచ్చుకున్నారు, నేను తిట్టాను. తేడా అంతే. ఇద్దరమూ తెర మీద జరుగుతున్న పనిని చూడలేదు. ఆయన చూశాడు. దర్శకురాలు దాన్ని చూపించింది కాబట్టే చూడగలిగాడు.

కాబట్టి శిల్పం గురించి న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. వన్యప్రాణి చిత్రాలు అనగానే మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. ఎక్కడో స్టూడియోలో కూర్చున్న గంభీరమైన గొంతు, అడవి గురించి మనకు పాఠం చెబుతుంది. అక్కడ బతికే మనిషి ఉంటే గింటే దారి చూపించేవాడుగా ఓ మూల కనిపిస్తాడు. ఈ చిత్రంలో ఆ గొంతు లేదు. కథ బొమ్మన్, బెల్లి నోటనే నడుస్తుంది. వాళ్ల దేవుళ్లు, వాళ్ల తేనె, వాళ్ల భయాలు వాళ్ల మాటల్లోనే వస్తాయి. దర్శకురాలు ఐదేళ్లపాటు వాళ్ల మధ్య తిరిగి తీసిన చిత్రం గనక కెమెరా ముందు వాళ్లు బిగుసుకుపోలేదు. ఆదివాసీని మాట్లాడనివ్వటం ఈ దేశపు చిత్రాల్లో అంత తరచుగా జరిగే పని కాదు. దీన్ని తక్కువ చేసి చెప్పటం అభ్యుదయం అనిపించుకోదు.

చిత్రం వదిలేసిన వాటి గురించి కూడా అంతే న్యాయంగా చెప్పాలి. తెప్పక్కాడు శిబిరం అడవిలో పుట్టిన అనాథాశ్రమం కాదు. వలస పాలన కాలంలో అడవుల్లో కలప కొట్టి మోయించటానికి ఏనుగుల్ని పట్టి, మచ్చిక చేసి వాడారు. ఆ పనిలో నుంచి పుట్టిన శిబిరం అది. ఏనుగుతో పాటు ఆదివాసీని కూడా ఆ కలప వ్యాపారం పనిలో పెట్టుకుంది. బొమ్మన్ చేతిలోని నైపుణ్యం తరాల నాటిది. ఆ నైపుణ్యాన్ని జీతానికి తీసుకున్న చరిత్ర కూడా తరాల నాటిదే. చిత్రంలో అటవీ శాఖ దాదాపు కనిపించదు. రఘును తెచ్చేదీ, తీసుకుపోయేదీ కనపడని ఒక చెయ్యి. విధిలాగా వస్తుంది, విధిలాగా తీసుకుపోతుంది. ఒక ప్రభుత్వ ఉత్తర్వు విధిలాగా కనిపించటమే ఈ చిత్రం దృక్పథంలోని లోపం. నలభై నిమిషాల్లో అన్నీ చెప్పలేరన్న సమర్థన సగం వరకే నిలుస్తుంది. ఏది వదలాలన్నది నిడివి నిర్ణయించదు, చూపు నిర్ణయిస్తుంది.

మా గాజులపిల్ల ప్రశ్నకు జవాబు చిత్రం బయట దొరికింది. బహుమతి వచ్చిన తరవాత 2023 మార్చిలో తమిళనాడు ముఖ్యమంత్రి తెప్పక్కాడు, ఆనైమలై శిబిరాల్లో పనిచేసే 91 మందికి తలా లక్ష రూపాయలు ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో బెల్లిని తెప్పక్కాడులో కావడిగా, అంటే మావటికి తోడు పనివాడి కొలువులో నియమించారు. ఆ రాష్ట్రంలో ఆ పనిలో నియమితురాలైన మొదటి మహిళ ఆమేనన్నారు. చిత్రంలో మనం చూసిన పనంతా ఆమె ఆ కొలువు కాగితం చేతికి రాకముందు చేసిందే. మొదటి మహిళ అనగానే మనం సంబరపడతాం. అంతకు ముందు ముద్దలు కలిపిన ఆడవాళ్ల పని ఏ పద్దులో ఉండేదని ఆ పిల్ల అడుగుతున్నది. రాళ్లు అతికించే తల్లిని చూసి నేర్చుకున్న ప్రశ్న అది.

ఆ ఆగస్టులోనే ఇంకొకటి జరిగింది. తమకు రావలసిన డబ్బు రాలేదని ఆ దంపతులు నిర్మాతల మీద ఆరోపణలు చేశారు. నిర్మాతలు ఖండించారు. దాన్ని పట్టుకుని, చూశారా అంతా మోసమని ఎగిరినవాళ్లున్నారు. చూశారా ఆశ పుట్టిందని దంపతుల్ని ఈసడించినవాళ్లూ ఉన్నారు. అందులో న్యాయం ఎవరిదో తేల్చటం నా పని కాదు. నన్ను కలవరపెట్టింది రెండో మాట. తెర మీద ఏమీ అడగనంత కాలం ఆదివాసీ దేవుడు. నా వాటా ఏదని నోరు తెరవగానే ఆశపోతు. చిత్రాన్ని ప్రేమ కథగా మాత్రమే చూసిన ప్రేక్షకుడికి ఈ మాట అనటం చాలా తేలిక. ప్రేమకు కూలి అడగకూడదు గదా!

ఇంకొక ప్రేక్షకుడి మాట చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. నల్లమలలో మన్ననూరు అవతల ఒక పెంట నుంచి నగరానికి చదువుకు వచ్చిన చెంచు యువకుడు ఒక మిత్రుడి ద్వారా పరిచయమయ్యాడు. నలుగురు అన్నాను గాని, ఇతని మాట తక్కినవాటి పక్కన పెట్టేది కాదు, వాటిని కొలిచేది. చిత్రం చూసి ముందు నవ్వాడు. “వాళ్లు మాట్లాడుతుంటే మా నాయన మాట్లాడినట్టే ఉంది సార్” అన్నాడు. తేనె తీసే దృశ్యాన్ని రెండుసార్లు చూశాడు. తరవాత అడిగాడు: “వాళ్లకు అడవిలో పట్టా ఉందా సార్? ఉద్యోగం పోతే అక్కడ ఉండనిస్తారా?”

ఈ ప్రశ్న వెనక నల్లమల చరిత్ర ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. చెంచులు అంతకు ఎన్నో తరాల ముందునుంచే పులితో ఒకే అడవిలో ఉన్నారు. 1940లలో నిజాం రాజ్యంలో హైమెన్‌డార్ఫ్ వచ్చి వాళ్ల గురించి పుస్తకం రాసేనాటికీ అదే అడవి. ఇవాళ వాళ్లలో కొందరు అదే పులుల జాడలు తీసే కాపలా పనిలో అటవీ శాఖ దగ్గర కూలికి ఉన్నారు. మరోవైపు, పులుల కోసం అడవి నడిమి భాగం నుంచి ఊళ్లు ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలన్న పథకం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టమూ ఉంది. పులిని కాపాడటానికి చెంచు చెయ్యి కావాలి. చెంచు ఇల్లు మాత్రం అడ్డం. 2019లో యురేనియం కోసం ఇదే అడవిని తవ్వబోతే ఆదివాసీలతో పాటు రాష్ట్రమంతా లేచింది. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పులికీ చెంచుకూ ఒకే శత్రువు ఎదురైనప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే అడవివాళ్లని మనందరికీ హఠాత్తుగా తోచింది.

ఆసిఫాబాద్‌లో ఇదే కథ ఇంకొక రూపంలో నడిచింది. కవ్వాల్, తడోబా అడవుల మధ్య పులులు తిరిగే దారిని సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ 2025 మే నెలాఖరులో ప్రభుత్వం 49వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. దానికి పెట్టిన పేరు కుమ్రం భీం. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణం పెట్టిన మనిషి పేరు. ఆయన వారసులే ఆ ఉత్తర్వుకు వ్యతిరేకంగా వీధిలోకి వచ్చారు. జులైలో దాన్ని నిలిపివేశారు. మా సైన్సు మాస్టారి కోపాన్ని ఆ వీధిలో చూడాలి. అక్కడ అది ఏనుగు మీదనో పులి మీదనో కోపంగా మిగలదు. అడవి గురించి నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న అవుతుంది.

ఇప్పుడు ఆ ఆస్కారు రాత్రి సంగతి. ‘ఆర్.ఆర్.ఆర్.’లో కూడా భీం పేరు గల వీరుడున్నాడు. పులిని పట్టుకుంటాడు. తరవాత పులుల్ని, చిరుతల్ని బండి నిండా తెచ్చి దొరల విందు మీదికి వదులుతాడు. అక్కడ అడవి జంతువు ఆదివాసీ చేతిలో ఆయుధం. రెండో చిత్రంలో అడవి జంతువు ఆదివాసీ ఒడిలో బిడ్డ. ఒకదానిలో అతను పులికి సాటి, ఇంకొకదానిలో ఏనుగుకు తల్లి. రెండూ మనకు నచ్చాయి. రెండింటిలోనూ అతనికి పొలం లేదు, పట్టా లేదు, జీతం చీటీ లేదు. పరాక్రమమో, వాత్సల్యమో ఏదో ఒకటి ఇచ్చి ఆదివాసీ లౌకిక జీవితాన్ని పక్కన పెట్టటం మన కళలకు పాత అలవాటు. ‘చెంచులక్ష్మి’ చిత్రం చూసి మురిసిన తరం పిల్లలం మనం. నరసింహస్వామికి పెళ్లాన్నిచ్చిన చెంచులకు అడవిలో నిలవనీడ అడిగే హక్కుందా అని ఆ చిత్రం చూసినవాళ్లెవరూ అడగలేదు.

ఇది మనదేశపు అలవాటే కాదు. జంతువుల మధ్య బతకటం గురించి వచ్చిన చిత్రాల్లో ప్రపంచమంతా చర్చించిన ఒకటి వెర్నర్ హెర్జోగ్ 2005లో తీసిన ‘గ్రిజ్లీ మ్యాన్’. తిమోతీ ట్రెడ్‌వెల్ అనే అమెరికన్ పదమూడు వేసవులు అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య గడిపి, వాటిని స్నేహితులని పిలిచి, 2003లో ఎలుగుబంటికే బలయ్యాడు. అతనితో పాటు అతని స్నేహితురాలు కూడా. దాన్ని చూసి కొందరు అతన్ని త్యాగి అన్నారు, కొందరు పిచ్చివాడన్నారు. ఆ చిత్రంలోనే ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉంటున్న అలూటిక్ జాతి మనిషి ఒకరు మాట్లాడతారు. ఎలుగుకూ మనిషికీ మధ్య తమ పెద్దలు పాటించిన హద్దును ఇతను దాటాడని, అది ఎలుగు పట్ల మర్యాద కాదని ఆయన అభిప్రాయం. త్యాగి, పిచ్చివాడు అనే రెండు మాటలకూ ఆవల ఉన్న మాట అది. జంతువుతో నిజంగా కలిసి బతికేవాడికి ప్రేమ కంటె ముందు హద్దు తెలుసు. మా చెంచు యువకుడికీ, మా వీధి పెద్దమనిషికీ అది తెలుసు. ఏట్లో రఘు పక్కన నిలబడ్డ బొమ్మన్ నిలుచునే తీరులో కూడా అది కనిపిస్తుంది.

తెలుగు సాహిత్యానికి ఇది కొత్త పాఠం కాదని కూడా గుర్తు చెయ్యాలి. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో పందులు మేపుకునే ముసలివాడు తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ రాత్రివేళ ఒంటరిగా అడవిలోకి పోతాడు. అతనికి ఆ జంతువు మీద ఉన్నది మమకారమా, బతుకుతెరువా అని ఎవరైనా అడిగితే ఆ నవల అర్థం కానట్టే. రెండూ ఒకటే అక్కడ. పొట్టకూటి లెక్క లేకుండా ఆ మమకారం లేదు. ఆ లెక్క ఉన్నందువల్ల మమకారం చిన్నదీ కాలేదు. ఈ డాక్యుమెంటరీ ఆ రెండింటిలో ఒకదాన్ని అద్భుతంగా చూపించి, రెండోదాన్ని చీకట్లో వదిలింది.

అయితే ప్రేక్షకుల్లో ఎవరు సరి, ఎవరు తప్పు? టీచరమ్మ కన్నీళ్లను నేనిప్పుడు వెక్కిరించను. ఆ కన్నీళ్లు లేకపోతే ఆమె మిగతా ప్రశ్నల దాకా రానే రారు. సైన్సు మాస్టారి కోపాన్ని కాదనను. అది ఈ చిత్రం చూపించని సగం. వీధి పెద్దమనిషి చూపు చిత్రం లోపలి పనిని బయటపెట్టింది. చెంచు యువకుడి ప్రశ్న చిత్రం నిలబడ్డ నేలను బయటపెట్టింది. విమర్శకుడు చెయ్యవలసింది ఈ స్పందనల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ప్రతిదీ ఏ బతుకులోంచి వచ్చిందో చూడటం. అప్పుడు చిత్రం విలువా తెలుస్తుంది, దాని హద్దూ తెలుస్తుంది. 2023 ఏప్రిల్‌లో నేను చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అడవివాళ్ల తరఫున మాట్లాడుతున్నానని అనుకుంటూ, ఒక్క అడవి మనిషిని గాని, జంతువుల పని చేసిన ఒక్క మనిషిని గాని అడగకుండా తీర్పు చెప్పాను. ఆదివాసీని పటంగా గోడకు తగిలించారని దర్శకురాలి మీద నేను చేసిన ఆరోపణ నా ఉపన్యాసానికే ఎక్కువ వర్తిస్తుంది. ఆమె పటంలో ఆదివాసీ మాట్లాడాడు. నా ఉపన్యాసంలో మాట్లాడలేదు.

అభ్యుదయ విమర్శ ఇతరుల రచనల్లో వెతికే దృక్పథాన్ని తనలో కూడా వెతుక్కోవాలి. వస్తువు ప్రజలదైనంత మాత్రాన చాలదని మనం రచయితలకు చెబుతూ వచ్చాం. మన పదాలు ప్రజల పక్షాన ఉన్నంత మాత్రాన కూడా చాలదు. ఆ పదాలు వాడేముందు ప్రజల్ని వినాలి.

ఆ పిల్లకు జవాబు చెప్పాను. ఇప్పుడు బెల్లికి కొలువు ఇచ్చారమ్మా, జీతం వస్తుందని అన్నాను. పిల్ల సంతోషించింది. వెంటనే ఇంకొకటి అడిగింది.

“మరి సినిమాలో లేని ఏనుగులకు అన్నం పెట్టే వాళ్లకు, సార్?”

ఈ ప్రశ్నను నేను మీ ముందు పెడుతున్నాను. అడవి గురించి ఇక ముందు ఎవరు ఏ చిత్రం తీసినా, ఎవరు ఏ కథ రాసినా, ముందుగా ఈ ఏడో తరగతి పిల్లకు చూపించి రావాలి.